పేపరు మీద పేరు: మన గోదారి పిల్లల సందేహాలు

"పరిశోధన పేపర్లో నా పేరు మూడోది పడిందండీ. నాన్నగారికి ఫోన్లో చూపిస్తే 'మూడో స్థానమా అమ్మా, పోన్లే, ఈసారి చూద్దాం' అన్నారు. ఆయనకేం చెప్పను?" అమలాపురం నుంచి అమెరికాకి ఎకనామిక్స్ పీహెచ్‌డీకి వచ్చిన అమ్మాయి సందేహం ఇది. పాలకొల్లు నుంచి వచ్చి బయాలజీ ల్యాబ్‌లో చేరిన కుర్రాడిది ఇంకో రకం: "మా ప్రొఫెసర్‌గారి పేరు అందరికంటే చివర వేశారు. ఆయన ఏమీ అనుకోరా?"

ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగినవాళ్ళం కదా, పేర్లు వరసగా కనిపిస్తే ముందున్నవాడే మొనగాడనుకుంటాం. పరిశోధనలో ఆ లెక్క అన్నిచోట్లా నడవదు. ఒక్కో సబ్జెక్టుది ఒక్కో ఆనవాయితీ. చేరిన రోజున ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, అందరికీ తెలిసిందే అన్నట్టు ఉంటారు.

ఎకనామిక్స్‌లో చాలావరకు ఇంటిపేరు అక్షరక్రమమే. గణితంలోనూ అంతే. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ 2004లో ఈ సంగతి రాతపూర్వకంగానే చెప్పింది. కాబట్టి అమ్మా, నాన్నగారితో ధైర్యంగా చెప్పు: ఇంటిపేరు 'వై' అక్షరంతో మొదలవడం తప్ప నువ్వు చేసిన నేరం లేదు. అలాగని ఈ పద్ధతిలో అన్యాయం లేదనను. ఐనావ్, యారివ్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 2006లో లెక్కలు తీసి చూపించారు. అమెరికాలోని పేరున్న ఎకనామిక్స్ విభాగాల్లో ఇంటిపేరు 'ఏ' వైపు ఉన్నవాళ్ళకి టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగం, దక్కే అవకాశం ఎక్కువట. అక్షరక్రమం పాటించని సైకాలజీలో ఆ తేడా కనిపించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. పేపరు గురించి మాట్లాడేటప్పుడు మొదటి పేరు చెప్పి మిగతావాళ్ళని 'తదితరులు' చేసేస్తారు. దీనికి విరుగుడుగా డెబ్‌రాజ్ రే, ఆర్థర్ రాబ్సన్ 2018లో ఒక ఉపాయం ప్రతిపాదించారు: చీటీలు తీసినట్టు పేర్ల వరస వేసి, మధ్యలో సున్నా చుట్టిన 'ఆర్' గుర్తు పెట్టడం. మీ తోటివాళ్ళు ఒప్పుకుంటే మీరూ అడగొచ్చు.

బయాలజీ, వైద్యం వైపు లెక్క తిరగబడుతుంది. బల్ల దగ్గర నిలబడి ప్రయోగం చేసి, డ్రాఫ్టు రాసినవాళ్ళది మొదటి పేరు. ల్యాబ్ నడిపే ప్రొఫెసర్‌ది చివరి పేరు, అదే పెద్దపీట. మధ్యలోవాళ్ళకి దక్కే గుర్తింపు తక్కువ. అందుకే పాలకొల్లు బాబు వాళ్ళ ప్రొఫెసర్ ఏమీ అనుకోరు సరికదా, చివర వెయ్యకపోతేనే అనుకుంటారు. ఇద్దరి పనీ సమానమని నక్షత్రం గుర్తు పెట్టే పద్ధతి కూడా ఉంది గానీ, రెండో పేరువాళ్ళకి అదో ఓదార్పు బహుమతి అని నా అభిప్రాయం.

భౌతికశాస్త్రంలో పెద్ద ప్రయోగాల సంగతి వేరే లోకం. హిగ్స్ బోసాన్ అనే సూక్ష్మకణం ద్రవ్యరాశి మీద, యూరప్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో రెండు బృందాలు కలిసి 2015లో వేసిన పేపర్లో 5,154 మంది రచయితలున్నారు. మొత్తం 33 పేజీలైతే అందులో 24 పేజీలు పేర్లూ సంస్థలూనే. చరిత్ర, సాహిత్యం చదివేవాళ్ళకి దీనికి పూర్తిగా ఎదురు: ఒక వ్యాసం, ఒక పేరు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేసి రాసిన వ్యాసానికి, మన దగ్గర అలవాటు కొద్దీ గైడుగారి పేరు కూడా తగిలిస్తే, ఆయనే ఇబ్బంది పడి తీసేయమంటారు. ఆయనకీ, పుస్తకాలు వెతికిపెట్టిన గ్రంథాలయం వాళ్ళకీ కృతజ్ఞతలు రాయండి, అదే మర్యాద. కంప్యూటర్ సైన్సులో జర్నల్ కంటే పెద్ద కాన్ఫరెన్సు పేపర్‌కే విలువ ఎక్కువ, ఇంట్లోవాళ్ళు "జర్నల్లో పడలేదా?" అని అడిగితే కంగారుపడకండి.

ఇవన్నీ తెలిసినా, మన పిల్లలు దెబ్బతినేది ఇంకోచోట. అడగరు. "సర్ చూసుకుంటారులే" అనుకుని ఏడాదిన్నర చాకిరీ చేసి, పేపరు పంపేముందు పేర్లు చూసి గొల్లుమంటారు. మన ఊళ్ళల్లో కౌలు మాట ఊడ్పులకి ముందే తేల్చుకుంటారు, కుప్ప నూర్చాక కూర్చుంటే తగువే మిగులుతుంది. ఇదీ అంతే. పని మొదలుపెట్టే వారంలోనే అడగండి: "దీంట్లోంచి పేపరు వస్తే నా స్థానం ఏమిటి? మొదటి పేరు రావాలంటే నేను ఏ పని పూర్తిగా నెత్తినేసుకోవాలి?" ఇక్కడ దాన్ని పొగరు అనుకోరు, పనిమీద శ్రద్ధ అనుకుంటారు. మాట్లాడి వచ్చాక ఆ రాత్రే "మనం ఇలా అనుకున్నాం, సరేనా" అని రెండు ముక్కలు ఈమెయిల్ పెట్టండి. పని మారితే వరస మారొచ్చు, అప్పుడు మళ్ళీ అడగండి. ఇప్పుడు చాలా జర్నళ్ళు ఎవరు ఏం చేశారో 14 రకాల పాత్రలుగా విడగొట్టి రాయమంటున్నాయి. ఆ జాబితా ముందే దగ్గర పెట్టుకుంటే సంభాషణ తేలికవుతుంది.

అసలు రచయిత అనిపించుకోవడానికి అర్హత ఏమిటి? వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది. ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి. రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి. చివరి ప్రతికి ఒప్పుకోవాలి. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే జవాబు చెప్పే బాధ్యత తీసుకోవాలి. ఈ నాలుగోది 2013లో కలిపారు. డబ్బు తెచ్చాడనో, డిపార్ట్‌మెంటుకి పెద్ద అనో పేరు వెయ్యకూడదు.

ఇక్కడే భీమవరం నుంచి వచ్చిన ఒక పరిశోధకుడి సందేహం చెప్పాలి. రొయ్యల చెరువుల నీటి మీద పని చేస్తున్నాడు. నమూనాలు పట్టి పంపేది అక్కడి కాలేజీలో పనిచేసే ఒక లెక్చరర్. నేను పండక్కి వెళ్ళినప్పుడు ఆయన పని చూశాను. ఇంకా తెల్లారకముందే గట్టు మీద ఉంటారు, నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ అదే కాబట్టి. నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతుంటే వాటి నురగకి దూరంగా జరిగి, సీసా నీళ్ళలో ముంచి, లోపల బుడగ మిగలకుండా మూత బిగించి, చెరువు నంబరూ టైమూ మార్కర్‌తో రాసి ఐసుపెట్టెలో పెడతారు. "ఆయనకి చివర్లో థాంక్స్ చెబితే సరిపోతుందా అండీ?" అని మనవాడి ప్రశ్న.

సీసాలు పట్టడం ఒక్కటే అయితే సరిపోతుందేమో. కానీ ఏ చెరువులు ఎంచాలి, మేత వేసిన ఎంతసేపటికి నీళ్ళు పట్టాలి, మందు చల్లిన రోజున ఎందుకు పట్టకూడదు, ఇవన్నీ ఆయన నిర్ణయాలే. అది ప్రయోగం రూపకల్పన. మరి ఆయన డ్రాఫ్టు రాయలేదు కదా అంటారా? రాసే, దిద్దే అవకాశం ఇవ్వకుండా, రాయలేదు కాబట్టి రచయిత కాదనడం పనికిరాదని ఆ కమిటీయే అంటోంది. అందుకని డ్రాఫ్టు ఆయనకి పంపండి. ఇంగ్లీషు బరువనిపిస్తే ఒక ఆదివారం ఫోన్లో తెలుగులో చదివి వినిపించండి. ఆయన "ఇది తప్పండీ, ఆ నెల వర్షాలు" అంటే దిద్దండి. అప్పుడు ఆయన పేరు నిలబడుతుంది. మన డెల్టా నుంచి నీళ్ళూ మట్టీ పట్టుకెళ్ళి, పట్టిచ్చినవాళ్ళని మర్చిపోయే పేపర్లు ఇప్పటికే చాలు. మార్టేరు వరి పరిశోధన స్థానంలో పుట్టిన స్వర్ణ, ఎంటీయూ 7029, ఇన్ని కోట్లమంది తిన్నారు. దాన్ని తయారుచేసినవాళ్ళ పేర్లు అడిగితే పక్క ఊరి రైతే చెప్పలేడు. ఎంటీయూ అంటే మార్టేరే, పైరుకి స్థానం పేరు మిగిలింది, పేపర్‌కి మనుషుల పేర్లు మిగలాలి.

పేరు స్పెల్లింగు సంగతి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. ఫిస్క్, సుబ్బారావు పద్ధతి అనే పేరు ఇప్పటికీ బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో వినిపిస్తుంది. ఆయన పేరు చివర్లో మనం రాసే 'ఏఓ' కాదు, 'ఓడబ్ల్యూ' ఉంటుంది, అదే ఇంటిపేరు స్థానంలో స్థిరపడిపోయింది. అసలు ఇంటిపేరు వెనక్కి పోయినా, ప్రపంచం ఆయన్ని వెతికి పట్టుకోగలిగింది, ఎందుకంటే ఆ రూపం మారలేదు. మీరూ మొదటి పేపరుకి ముందే ఒక రూపం ఎంచుకోండి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట పొడి అక్షరాలు, పెళ్ళయ్యాక ఇంకోటి అయితే, మీ పనిని ముగ్గురు మనుషుల ఖాతాలో వేస్తారు. 2012 నుంచి ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఉచితంగా ఇస్తున్నారు. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉన్నా అది మాత్రం మారదు.

చెప్పక తప్పని ఇంకో మాట. ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళకి వాట్సాప్‌లో "పేపర్లో మీ పేరు వేయిస్తాం, ఇంత అవుతుంది" అని వస్తోంది. అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ళకిచ్చే గ్రీన్‌కార్డు, ఈబీ వన్ ఏ కోసం చూపే పది ప్రమాణాల్లో కనీసం మూడు నెరవేరాలి, పరిశోధన వ్యాసాలు రాయడం వాటిలో ఒకటి. దాన్ని పట్టుకుని నడుస్తున్న వ్యాపారం ఇది. దయచేసి అటు వెళ్ళకండి. 2023 ఒక్క ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా పదివేలకు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు, అందులో ఎనిమిది వేలకు పైగా హిందావి అనే ఒక్క ప్రచురణ సంస్థవే. వెనక్కి తీసుకున్న పేపరు మాయమైపోదు, ఆ ముద్రతో, మీ పేరుతో అక్కడే ఉంటుంది. ఊళ్ళో పాత గైడుగారు "నా పేరూ ఒకటి వెయ్యరా" అంటే కూడా ఇదే మాట. గౌరవంగా, కానీ గట్టిగా, "జర్నల్ వాళ్ళు ఒప్పుకోరండీ గురువుగారూ" అనండి. అబద్ధమేమీ కాదు.

చాట్‌జీపీటీని రచయితగా వెయ్యొచ్చా అని కూడా ఒకరు అడిగారు. కుదరదు. బాధ్యత తీసుకోలేనిది రచయిత కాలేదని 2023లోనే పెద్ద జర్నళ్ళు తేల్చేశాయి. వాడితే ఎక్కడ వాడారో రాయండి.

ఇన్ని జాగ్రత్తలు పడ్డాక కూడా పేరు తీసేశారనుకోండి. జర్నల్ సంపాదకుడికి ఆవేశంగా రాయకండి, ఎవరి వాటా ఎంతో వాళ్ళు తీర్పు చెప్పరు, తిరిగి మీ యూనివర్సిటీకే పంపిస్తారు. చాలా యూనివర్సిటీల్లో అంబుడ్స్ ఆఫీసు, అంటే ఎవరి పక్షమూ వహించకుండా ఫిర్యాదులు వినే చోటు, ఉంటుంది. అక్కడ చెప్పింది సాధారణంగా బయటికి పోదు, మీ ప్రొఫెసర్‌కి మీరు వెళ్ళిన సంగతి కూడా తెలియదు. వీసా పోతుందేమోనన్న భయంతో నోరు మూసుకునే పిల్లల్ని చాలామందిని చూశాను. ఆ ఆఫీసుకి వెళ్ళి మాట్లాడినంత మాత్రాన వీసా పోదు. వెళ్ళేటప్పుడు ల్యాబ్ నోట్‌బుక్కు, తేదీలున్న డ్రాఫ్టులు, మొదట్లో పెట్టిన ఆ ఈమెయిల్ పట్టుకెళ్ళండి.