లక్షన్నర కోర్సు కంటే ముందు మీ చెరువు గట్టు

ప్రశ్న: మాది ఉండి దగ్గర పల్లెటూరు. నాలుగెకరాలు లీజుకు తీసుకుని వనామీ రొయ్య వేస్తున్నాను. మా అబ్బాయి భీమవరంలో బీటెక్ మెకానికల్ మూడో ఏడు. ‘డిజిటల్ ట్విన్’ అని ఆరు నెలల కోర్సుకు లక్షన్నర కట్టమంటున్నాడు. కంపెనీలకు ఇది నిజంగా అవసరమా, ఉత్త పేరేనా? కట్టమంటారా?

జవాబు: అవసరమేనండి. అయినా ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి. ఎందుకో మీ చెరువు మీదే చూద్దాం.

యంత్రానికో చెరువుకో కాలువకో కంప్యూటర్లో ఉండే జంటే డిజిటల్ ట్విన్. అది బొమ్మ కాదు. సెన్సర్ల కొలతలు ఎప్పటికప్పుడు అందుకోవాలి, లోపల జరుగుతున్నది లెక్కగట్టాలి, జరగబోయేది ముందే చెప్పాలి, ఆ లెక్కను బట్టి అసలు యంత్రం నడక మారాలి. అమెరికా పరిశోధకుడు మైఖేల్ గ్రీవ్స్ 2002లో ఈ ఆలోచన ముందుకు తెచ్చినప్పుడే అసలు వస్తువు, దాని డిజిటల్ రూపం, రెంటి మధ్య నడిచే సమాచారం అని మూడు భాగాలు చెప్పారు. కొలతల్ని తెర మీద చూపించి ఊరుకునేది మీటరే. దాన్నే ట్విన్ అని నేర్పే చోట్లు ఉన్నాయి, అక్కడే పిల్లలు మోసపోతున్నారు.

ఇప్పుడు చెరువు. రాత్రి 7 గంటలకు డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, 8 పీపీఎం (లీటరుకు 8 మిల్లీగ్రాములు), 10 గంటలకు 6.5 ఉందనుకోండి. గంటకు అర పీపీఎం పడుతోంది. ఏరియేటర్లు (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు) వేయకపోతే తెల్లవారుజామున 3 గంటలకు 4కి, 5 గంటలకు 3కి దిగుతుంది. 4 తగ్గకుండా చూసుకోవాలి కాబట్టి 3 గంటల లోపే ఏరియేటర్లు తిరగాలి. ఈ లెక్క కాగితం మీద పాతదే. పావుగంటకోసారి కొత్త కొలతతో ఆ లెక్కను దిద్దుకుంటూ ఏరియేటర్ స్టార్టర్‌కు ఆదేశం ఇచ్చేదే ట్విన్.

లెక్క అక్కడితో ఆగదు. ఎకరంలో లక్షన్నర సీడు (రొయ్య పిల్లలు), 80 శాతం బతుకు, 100 కౌంట్ (కిలోకు వంద రొయ్యలు) అనుకుంటే చెరువులో 1,200 కిలోల రొయ్య ఉన్నట్టు. ఒక హెచ్‌పీ (హార్స్‌పవర్) ఏరియేటర్ సుమారు 400 నుంచి 500 కిలోలను మోస్తుందన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే మూడు హెచ్‌పీ కావాలి. రొయ్య పెరిగేకొద్దీ ఆక్సిజన్ వాడకం పెరుగుతుంది కాబట్టి వారం వారం వల విసిరి చూసిన సగటు బరువు లోపలికి ఎక్కించాలి. ఎక్కించకపోతే 30వ రోజుకు సరిపోయిన లెక్క 70వ రోజుకు తప్పుతుంది.

పని చెడేది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ దగ్గర కాదు, నీళ్లలో. డీవో ప్రోబ్ (నీళ్లలో ముంచే సెన్సర్) మీద నాచు పట్టి కొలత జారిపోతుంది, కనీసం వారానికోసారి తుడిచి సరిచూడాలి. ఏరియేటర్ నురగ పక్కన పెడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రొయ్య ఉండేది అడుగున కాబట్టి చెరువు నేలకు ఒక అడుగు ఎత్తున, ఏరియేటర్లకు దూరంగా కట్టాలి. కరెంటు పోతే ఏరియేటర్లతో పాటు పరికరం కూడా ఆగిపోతుంది, అసలు అవసరమైంది అప్పుడే. అందుకే దానికి వేరే బ్యాటరీ ఉండాలి. కొలత రాని నిమిషాలను సున్నాగా రాసుకుంటే అర్ధరాత్రి ఉత్తుత్తి అలారం మోగుతుంది. ఇంకో పొరపాటు అంతర్జాతీయ కాలమానం. దానికీ మన గడియారానికీ ఐదున్నర గంటల తేడా. సర్వర్ ఆ సమయం వేసుకుంటే మన వేకువజాము 4 గంటల కొలత ముందు రోజు రాత్రి పదిన్నరకు పడుతుంది. ఇవన్నీ తెలిసినవాడికే పరిశ్రమలో విలువ.

ఇదే ఆలోచన మిగతా చోట్లా నడుస్తుంది. మండపేట, తాడేపల్లిగూడెం రైస్ మిల్లుల్లో ధాన్యం తేమ 14 శాతం దగ్గర డ్రయ్యర్ ఆపాలి. దాటి ఎండితే మరపట్టేటప్పుడు నూక పెరుగుతుంది, తూకం పోతుంది. వేడిగాలి ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గింజ తేమ తీసుకుని ఎప్పుడు ఆపాలో ట్విన్ చెబుతుంది. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో మైనస్ 18 డిగ్రీల గది ఉంటుంది. అక్కడ కంప్రెసర్ తీసుకోవాల్సిన కరెంటుకీ తీసుకుంటున్నదానికీ తేడా వస్తే కాయిల్ మీద మంచు పేరుకుందనో తలుపు సరిగా పడలేదనో పట్టుకోవచ్చు. కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ గ్యాస్ గొట్టాల్లో లెక్క ప్రకారం ఉండాల్సిన పీడనానికీ ఉన్నదానికీ తేడా లీకేజీకి గుర్తు. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు. భద్రాచలంలో గోదావరికి 43 అడుగుల మొదటి వరద హెచ్చరిక రాగానే ధవళేశ్వరంలో 11.75 అడుగులు ఎప్పటికి దాటుతుంది, ఏ లంకకు ముందు నీళ్లొస్తాయి అన్నది నది నమూనాతో కట్టే లెక్క. ఒక మోటారు, ఒక బెల్టు ఉన్న చిన్న మిల్లుకు మాత్రం ఇదంతా వద్దు, థర్మామీటరూ రిజిస్టరూ చాలు.

మీ అబ్బాయి మెకానికల్ వదలకూడదు. ఉష్ణ బదిలీ, ద్రవ యాంత్రిక శాస్త్రం, కంపనాలు, కంట్రోల్స్ వస్తేనే లోపలి లెక్క రాయగలడు. వాటి పక్కన ప్రోగ్రాములు రాసే పైథాన్, దాచిన కొలతలు వెలికితీసే ఎస్‌క్యూఎల్, సెన్సర్ల కొలతలు పంపే ఎంక్యూటీటీ, యంత్రాలను నడిపే పీఎల్‌సీ కంట్రోలర్లతో మాట్లాడే మోడ్‌బస్ నేర్చుకోవాలి. నమూనాలకు ఓపెన్‌మోడెలికా సాఫ్ట్‌వేర్ ఉచితం, ఉచిత సాఫ్ట్‌వేర్లను ప్రోత్సహించే ఐఐటీ బొంబాయి ఫోసీ ప్రాజెక్టు దానికి పాఠాలు ఇస్తోంది. నదీ లెక్కలకు హెచ్‌ఈసీ-రాస్ కూడా ఉచితమే. ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్ పాఠాలకు డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. సెన్సర్ కొలతలు అందుకుని పంపే ఈఎస్‌పీ32 బోర్డు వెయ్యి లోపే దొరుకుతుంది, ఖర్చంతా డీవో ప్రోబ్‌కే. ఉద్యోగ ప్రకటనల్లో ‘డిజిటల్ ట్విన్’ అన్న మాట కోసమే వెతికితే తక్కువ కనబడతాయి. సిమ్యులేషన్ ఇంజనీర్, ఇండస్ట్రియల్ ఐఓటీ (యంత్రాలను నెట్‌కు కలిపే పని), స్కాడా (ప్లాంటు యంత్రాలను తెర మీద చూస్తూ నడిపే వ్యవస్థ) పేర్లతో చూడమనండి.

కోర్సు వాళ్లను రెండు అడగండి: ఏ యంత్రం నుంచి నిజమైన కొలతలు తెప్పిస్తారు? నమూనా చెప్పినదానికీ జరిగినదానికీ తేడా ఎంతో విద్యార్థి చేత లెక్క కట్టిస్తారా? ప్లేస్‌మెంట్ హామీ, ఫీజు వాపసు షరతులు కాగితం మీద ఇవ్వమనండి.

ఈలోగా మీ దగ్గరున్న డీవో మీటరుతోనే మొదలుపెట్టించండి. ఏరియేటర్లు వేయకముందు 7 గంటలకు, 10 గంటలకు కొలిచి, అవి వేయాల్సిన వేళకు డీవో ఎంత ఉంటుందో ముందే రాయమనండి. ఆ వేళకు మళ్లీ కొలిచి తేడా పక్కన రాయాలి. వాన పడ్డ రాత్రి, మబ్బు పట్టిన రోజు, మేత పెంచిన వారం విడిగా గుర్తు పెట్టాలి. ఒక పంటకాలం ఆ పుస్తకం నిండితే ఇంటర్వ్యూలో బల్ల మీద పెట్టడానికి అదే ప్రాజెక్టు.