ఒక్క లైను ఫ్రీ పెడితే లీక్ బంద్ అయితదా?

ప్రశ్న: అన్నా, నేను మడికొండ ఐటీ పార్కుల చేస్తున్న, రెండేండ్లయింది. మా సర్వర్ ప్రోగ్రాం సీ లాంగ్వేజీల ఉంటది, రాత్రంతా నడిస్తే మెమరీ లీకై (తీసుకున్నది వాపస్ ఇయ్యక) పెరిగి పెరిగి పొద్దుగాల పడిపోతది. కొత్త పిలగాడు ఫంక్షన్ చివర్ల ఒక్క లైను ఫ్రీ (తీసుకున్న మెమరీ వాపస్ ఇచ్చేది) పెట్టి ప్యాచ్ (కోడ్‌ల చేసిన మార్పు) పంపిండు, నన్ను రివ్యూ చేయమన్నరు. ఓకే కొట్టాల్నా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: ఆగు తమ్మీ, అప్పుడే కొట్టకు. ఆ ఒక్క లైను చూస్తే ఎవలికైనా కరెక్టే అనిపిస్తది, అసలు కథ ప్యాచ్‌ల కనపడని లైన్లల్ల ఉంటది. ఫంక్షన్ మొత్తం తెరిచి మాలాక్ (మెమరీ అడిగి తీసుకునేది) కాడికెళ్లి కిందికి ఎన్ని రిటర్న్‌లు ఉన్నయో లెక్కపెట్టు. ఫైల్ తెరుసుకోకపోతే మధ్యలనే మైనస్ 1 ఇచ్చి బయటపడే దారి ఒకటి ఉంటది సూడు, అటు పోతే చివర్ల పెట్టిన ఫ్రీ దాక రానే రాదు, లీక్ అట్లనే ఉంటది. అన్ని దారులను గోటూతోని (కోడ్‌ల ఇంకో కాడికి దుంకే ఆదేశం) ఒక్క కాడికి తెచ్చి అక్కడ ఫ్రీ చేయమను. కాలేజీల గోటూ అంటే తప్పు అని చెప్పిన్రు గని లైనక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టం అసలు గుండె) నిండా ఇదే పద్ధతి. పాయింటర్‌ను (మెమరీ అడ్రస్ పెట్టుకునే వేరియబుల్) ముందుగాలనే నల్ (ఏ అడ్రస్ లేదు అని) చేసి పెట్టుకుంటే సాలు, నల్‌ను ఫ్రీ చేసినా ఏం గాదు.

ఇంకోటి, ఆ మెమరీ ఎవలిది? పెండ్లికి టెంట్ హౌస్ బగోనలు తెస్తం గద, నువ్వు ఇస్తవని నేను నేనిస్తనని నువ్వు ఊకుంటే ఇంట్లనే పడి ఉంటయి, అది లీక్. పొయ్యి మీద కూర ఉడుకుతుండంగనే బగోన వాపస్ ఇస్తే? పాయింటర్‌ను ఏ లిస్టులనో దాసిపెట్టిన ఫంక్షన్ల ఫ్రీ కొడితే గదే అయితది, లీక్ కన్న పెద్ద బీమారి, సెక్యూరిటీకి కూడ బొక్క.

రీఅలాక్ (తీసుకున్న మెమరీ సైజు మార్చేది) ఉంటే ఫలితాన్ని అదే పాయింటర్ల పెడుతున్నడా సూడు. ఫెయిలైతే నల్ వస్తది, పాత బ్లాక్ అట్లనే ఉంటది గని దాని అడ్రస్ పోయినట్టే.

ఇగ వాల్‌గ్రిన్డ్‌ల (మెమరీ తప్పులు పట్టే టూల్, పలికేటప్పుడు గ్రైండ్ కాదు) ప్యాచ్‌కు ముందోసారి, తర్వాతోసారి నడుపు, డెఫినిట్లీ లాస్ట్ (ఖాయంగ లీకైన మెమరీ) లెక్క తగ్గిందా సూడు. అది నడిచిన దారినే చూస్తది, అందుకే కావాల్నని లేని ఫైల్ పేరు కూడ ఇచ్చి సూడు. మస్తు స్లో అయితది, లైవ్ సర్వర్ మీద పెట్టకు.

ఏ మాలాక్ ఏ దారిల లీకయితుందో కమిట్ మెసేజ్‌ల (మార్పుతోని పాటు రాసే నోట్) రాయమను, ఉత్తగ లీక్ ఫిక్స్ అని రాస్తే వాపస్ పంపు.