కౌబాయ్ సినిమాలోకి కారెందుకొచ్చింది?

ప్రశ్న: శామ్ పెకిన్‌పా తీసిన ‘ద వైల్డ్ బంచ్’ (1969) చూశాను. గుర్రాల సినిమాలో కారు, మెషిన్‌గన్ ఏమిటి? కాల్పుల్లో మనుషులు గాల్లో తేలుతూ పడటం ఎలా తీశారు? నా డిస్కులో సినిమా 139 నిమిషాలే ఉంది. కోత పడిందా?

జవాబు: కథ జరిగేది 1913లో, టెక్సాస్–మెక్సికో సరిహద్దులో. అమెరికాలో జనావాసానికీ అడవికీ మధ్య గీత గీయడం ఇక కుదరదని జనాభా లెక్కలవాళ్లు 1890లోనే తేల్చేశారు. అంటే దొంగలు తలదాచుకునే ఖాళీ సరిహద్దు సీమ ఇక లేదు, నటుడు విలియం హోల్డెన్ నాయకుడిగా వేసిన దొంగల ముఠాకి కాలం చెల్లి ఇరవై ఏళ్లు దాటింది. ఈ మాట సినిమాలో ఎవరూ ఉపన్యాసమిచ్చి చెప్పరు, కారు చూపిస్తుంది. మెక్సికన్ జనరల్ మపాచీ ఎర్ర కారులో దిగితే ముఠా వింతగా చూస్తుంది. తర్వాత అదే కారు వెనక, తమలోని కుర్రాడు ఏంజెల్‌ని తాడుతో కట్టి ఈడుస్తుంటే చూడాల్సొస్తుంది. మామూలు వెస్టర్న్‌లో ఆ పని గుర్రానిది. మెషిన్‌గన్ దగ్గర మాత్రం పప్పులో కాలేశారు: తెరమీదున్న బ్రౌనింగ్ రకం 1917 మోడల్. 1913కి అప్పటికే ఉన్న మాక్సిమ్ రకం మెషిన్‌గన్ అయితే సరిపోయేది.

ఇక కాల్పులు. ఒకే ఘట్టాన్ని చాలా కెమెరాలతో, సెకనుకు 24 ఫ్రేముల నుంచి 120 దాకా వేర్వేరు వేగాల్లో తీశారు. 120లో తీసింది సినిమా మామూలు వేగమైన 24లో ఆడిస్తే ఒక సెకను ఐదు సెకన్లవుతుంది. ఒక్కో ఫ్రేముకీ అందే వెలుతురు కూడా ఐదో వంతే కాబట్టి లెన్సు రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకీ వెలుతురు రెట్టింపు) పైచిలుకు ఎక్కువ తెరవాలి, లేకపోతే షాట్ చీకటి. అయితే అసలు కిటుకు ఎడిటర్ లూ లాంబార్డోది. మొదటి దోపిడీలో మిద్దె మీంచి పడే మనిషిని గమనించండి: పడటం మొదలవుతుంది, నడుమ మామూలు వేగంలో తుపాకులు, గుర్రాలు, జనం. మళ్లీ అతని దగ్గరికి వచ్చేసరికి ఇంకా గాల్లోనే ఉంటాడు. అనుకరించినవాళ్లు చాలామంది ఆ ఐదు సెకన్లనీ తెగకుండా సాగదీశారు. అందుకే ఆ షాట్లు నీరసంగా ఉంటాయి.

మీ డిస్కు గురించి కంగారొద్దు. పూర్తి నిడివి 145 నిమిషాలు. పాల్ (PAL) అనే టీవీ పద్ధతి డిస్కు సెకనుకు 24 బదులు 25 ఫ్రేములు ఆడిస్తుంది, అందువల్ల అదే సినిమా 139లో అయిపోతుంది. విడుదలయ్యాక కత్తెర వేసిన ప్రింటు ఇంకో పది నిమిషాలు తక్కువుంటుంది. అనుమానం తీరాలంటే రెండు చోట్ల చూడండి: ముఠాను వెంటాడే పాత నేస్తం థార్న్‌టన్ అంతకుముందు పట్టుబడిన సంగతి, రైల్వే స్టేషన్‌లో మపాచీ మీద మెక్సికో విప్లవ నాయకుడు విల్లా సేన దాడి. కత్తెరకి పోయినవాటిలో అవి ఉన్నాయి.