మాత్రలు మానగానే తిరగబెట్టిన జబ్బు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అబ్బాయికి 22 ఏళ్ళు. ఎవరో తిడుతున్నట్టు గొంతులు వినిపిస్తున్నాయని, మేము అన్నంలో విషం కలుపుతున్నామని అంటుంటే నిరుడు బరంపురం తీసుకెళ్ళాం. స్కిజోఫ్రెనియా అన్నారు. నాలుగు నెలల్లో కుదుటపడ్డాడని మాత్రలు మానిపించాం. ఇప్పుడు మళ్ళీ మొదలైంది. తానే ఒలుచుకున్న అరటిపండు, ఉడికించిన గుడ్డు తప్ప ఏమీ ముట్టడం లేదు. ఇది చిల్లంగి అని, గుడి దగ్గర గొలుసు వేసి ఉంచితే పోతుందని బంధువులంటున్నారు. పెళ్ళి కావలసిన మా అమ్మాయికీ ఇది వస్తుందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అరటిపండు మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. తొక్క తీయని పండులో, పెంకు పగలని గుడ్డులో ఎవరూ ఏమీ కలపలేరని అతను లెక్క వేసుకున్నాడు. ఆ భయానికి ఆధారం లేకపోయినా అతనికి అది మన ఆకలి మనకెంత నిజమో అంత నిజం. అందుచేత విషం లేదని వాదించి గెలవలేరు, అలాగని ఎవరో కలిపారని ఒప్పుకోనూ కూడదు. "నాకు ఆ గొంతులు వినిపించడం లేదు నాన్నా, నీకు మాత్రం ఎంత భయంగా ఉందో" అనండి. ప్రస్తుతానికి ఆ పండూ గుడ్డే పెట్టి, అతని ఎదుటే అందరూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకొని తినండి. మాత్రను అన్నంలో దాచి మాత్రం పెట్టకండి. ఒక్కసారి కంటబడితే అతని అనుమానాన్ని మీరే నిజం చేసినవారవుతారు.

ఇది చిల్లంగి కాదు, మీ పెంపకం లోపమూ కాదు. మెదడులో డోపమైన్ అనే రసాయనం పనితీరు తప్పడానికీ ఈ లక్షణాలకూ సంబంధం ఉంది. మందులు పనిచేసేది ముఖ్యంగా అక్కడే. మీరు చేసిన పొరపాటు చాలా ఇళ్ళలో జరిగేదే. మొదటిసారి తగ్గాక కూడా కనీసం ఏడాది, రెండేళ్ళు మందు వాడాలి, తిరగబెట్టినవారు ఇంకా ఎక్కువ కాలం వాడవలసి రావచ్చు. చేతుల వణుకు, మత్తు, బరువు పెరగడం వంటివి కనిపిస్తే మానేయకుండా వైద్యుడికి చెబితే మోతాదో మందో మారుస్తారు. రోజూ మింగనివారికి కొన్ని వారాలకోసారి చేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి.

గొలుసు మాట ఇక ఎత్తనివ్వకండి. 1952లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందు ఈ జబ్బుకు వాడుకలోకి వచ్చేదాకా వైద్యుల చేతిలోనూ పెద్దగా ఏమీ లేదు గనుక అప్పటివారిని తప్పుపట్టలేం, ఇప్పుడు ఆ సాకు లేదు. మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో బంధించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

తోబుట్టువుకు ఉన్నప్పుడు ఈ జబ్బు వచ్చే అవకాశం 100 మందిలో సుమారు 9 మందికి. అంటే మిగిలిన 90 మందికి పైగా రాదు. మీ అమ్మాయి పెళ్ళి ఆపవలసిన కారణం నాకు కనిపించదు.

ఇంట్లో మిగిలిన మాత్రలు మీ అంతట మీరే మళ్ళీ మొదలుపెట్టకండి. పాత చీటీ, మాత్రల అట్ట, ఏ వారంలో మానారో, నిద్ర ఎప్పుడు తగ్గిందో రాసిన కాగితం తీసుకొని బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి మానసిక విభాగానికి వెళ్ళండి. అక్కడ ఒడియాలో చెప్పడం కష్టమనిపిస్తే విశాఖపట్నం ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఈలోగా 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ వారు ఉచితంగా మాట్లాడతారు. ఆ గొంతులు చచ్చిపొమ్మనో, ఎవరినైనా కొట్టమనో ఆజ్ఞాపిస్తున్నాయా అని అబ్బాయిని నెమ్మదిగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.