గుంటూరు నుంచి బెజవాడకు రోజూ... ఎలక్ట్రిక్ కారు గిట్టుబాటేనా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేటలో అపార్ట్‌మెంట్. ఉద్యోగం విజయవాడలో, రానుపోను 70 కిలోమీటర్లు. పెట్రోలు ఖర్చు భరించలేక ఎలక్ట్రిక్ కారు కొందామంటే మా ఆవిడ వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీలా రోజూ తిరిగేవాళ్లకే అది గిట్టుబాటండీ. చిన్న ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కి సుమారు 6, 7 కిలోమీటర్లు నడుస్తుంది కాబట్టి మీకు రోజుకి 11, 12 యూనిట్లు, అంటే నెలకి మూడొందల దాకా, అవి ఇంటి మీటరు మీద పడితే పై స్లాబులోకి వెళ్లి యూనిట్ 9.75 రూపాయలు పడినా రోజుకి 120 దాటదు. పెట్రోలుకైతే 500 అవుతుంది.

ముందు అసోసియేషన్‌తో మాట్లాడండి. అసలు తలనొప్పి అక్కడే. మీ మీటరు నుంచి పార్కింగ్‌కి విడిగా వైరు లాగించి, ఎర్తింగ్ సరిచూసి 15 ఆంపియర్ల ప్లగ్ పెట్టించుకుంటే రాత్రి నాలుగైదు గంటల్లో ఆ రోజు వాడకం నిండిపోతుంది. అవసరమైతే శాంక్షన్డ్ లోడు (మీ కనెక్షన్‌కి విద్యుత్ సంస్థ అనుమతించిన గరిష్ఠ వాడకం) కూడా పెంచుకోవాలి. పార్కింగ్‌లో ప్లగ్ కుదరకపోతే మాత్రం మీ ఆవిడ మాటే వినండి, రోజూ బయట ఫాస్ట్ చార్జింగ్ అంటే ఖర్చూ ఎక్కువే, వెయిటింగూ తప్పదు.

మే నెల ఎండల్లో ఏసీ వల్ల రేంజ్ (ఒకసారి చార్జ్ చేస్తే నడిచే దూరం) కొంత తగ్గుతుంది, అయినా 70 కిలోమీటర్లకి టెన్షన్ అక్కర్లేదు. హైదరాబాద్ వెళ్తే దారిలో ఒకసారి చార్జింగ్‌కి ఆగాలి, ఎలాగూ టిఫిన్‌కి ఆగుతారుగా!