ఇంక్‌జెట్ ప్రింటర్‌లో తెల్లగీతలు, మారిపోయే రంగులు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: తిరుపతి బైరాగిపట్టెడలో చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. దర్శనం టికెట్లు, ఆధార్ కాపీలతో పాటు పూజగదిలో పెట్టుకునే అమ్మవారి ఫోటోలు కూడా ట్యాంకు రకం ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసి ఇస్తుంటాను. ఎండలు ముదిరినప్పటి నుంచి ఫోటోల్లో అడ్డంగా సన్నని తెల్లగీతలు పడుతున్నాయి. కుంకుమ బొట్టు పసుపులోకి దిగిపోతోంది. హెడ్ క్లీనింగ్ చేస్తే ఒకపూట బాగుండి మళ్లీ మొదటికే వస్తోంది. ట్యాంకుల్లో ఇంకు సగానికి పైగా ఉంది. హెడ్ మార్చాలని మెకానిక్ అంటున్నారు. మార్చక తప్పదా?
- ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: హెడ్ (కాగితం మీద ఇంకు చిమ్మే భాగం) మార్చే ఆలోచన ఇప్పుడే పెట్టుకోకండి. క్లీనింగ్ తర్వాత ఒకపూటైనా ముద్రణ చక్కగా వస్తోందంటే నాజిళ్లు, అంటే హెడ్‌లో ఇంకు వచ్చే సన్నని రంధ్రాలు, పూర్తిగా పాడైపోలేదన్నమాట. ఇంకు ఆరిపోయి అవి మూసుకుపోతూ ఉండాలి, లేదా ఇంకు దారిలో గాలి చేరుతూ ఉండాలి. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోకుండా క్లీనింగ్ మీద క్లీనింగ్ చేయడం వల్ల ఇంకు ఖర్చు తప్ప ప్రయోజనం ఉండదు.

ముందుగా ప్రింటర్ మెనూలో ఉండే నాజిల్ చెక్‌ను మామూలు తెల్లకాగితం మీద తీయండి. నలుపు, సయాన్ (ఆకాశనీలం లాంటిది), మెజెంటా (ముదురు గులాబీ లాంటిది), పసుపు రంగుల్లో మెట్లు మెట్లుగా సన్నని గీతలు వస్తాయి. ఎక్కడ గీత తెగితే అక్కడి నాజిల్ ఇంకు వదలడం లేదని గుర్తు. పసుపు గీతలు తెల్లకాగితం మీద కంటికి ఆనవు కాబట్టి మొబైల్ తెరను నిండు నీలం రంగుకు పెట్టి, చీకటిలో ఆ వెలుతురు కాగితం మీద పడేలా పట్టుకుంటే అవి నల్లగా తేలి కనిపిస్తాయి. ప్రింటర్‌లో ఎరుపు రంగు ఇంకు ఉండదు. మెజెంటా మీద పసుపు పడితేనే ఎరుపు పుడుతుంది. మీ అమ్మవారి ఫోటోలో కుంకుమ పసుపుగా మారుతోందంటే మెజెంటా అందడం లేదని చూడకుండానే చెప్పవచ్చు, అయినా నాజిల్ చెక్‌తో నిర్ధారించుకోవడం మంచిది.

తరువాత ఒక్కసారి మాత్రమే క్లీనింగ్ చేసి, మళ్లీ నాజిల్ చెక్ తీసి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తెగిన గీతలు రెండింటిలోనూ అదే చోట ఉంటే ఇంకు గడ్డకట్టిందని, చోటు మారుతుంటే గాలి బుడగలు తిరుగుతున్నాయని అనుకోవచ్చు. గాలి విషయంలో ఓపికే మందు: ప్రింటర్‌ను ఒక రాత్రంతా కదపకుండా వదిలేస్తే బుడగలు చాలావరకు సర్దుకుంటాయి. గడ్డకట్టినదైనా రెండు మూడు క్లీనింగ్‌లకు లొంగకపోతే ఆపి, రాత్రి గడిచాక మళ్లీ చేయడమే మేలు, ఎందుకంటే తాజా ఇంకు తగులుతూ ఉంటే పాత గడ్డ నెమ్మదిగా నానుతుంది. క్లీనింగ్ చేసిన ప్రతిసారీ లాగేసిన ఇంకు ప్రింటర్ అడుగున ఉండే స్పాంజిలాంటి ప్యాడ్‌లోకి చేరుతుందని, అది నిండిందని లెక్క తేలిన రోజున ప్రింటర్ పని ఆపేస్తుందని కూడా గుర్తుంచుకోండి.

ఇక అసలు కారణం మీ దుకాణం మూసే పద్ధతిలో ఉందేమోనని నా అనుమానం. రాత్రి షట్టరు దించే ముందు గోడ మీది స్విచ్ కట్టేసి వెళ్లే అలవాటు మన ఊళ్లలో చాలామందికి ఉంది. ప్రింటర్‌ను దాని సొంత బటన్‌తో ఆపినప్పుడు హెడ్ కుడివైపు చివరకు జరిగి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. పని మధ్యలో కరెంటు తెగితే ఆగినచోటే మూత లేకుండా ఉండిపోతుంది. నలభై డిగ్రీలు దాటే తిరుపతి ఎండల్లో, మూసిన షట్టరు వెనక, వెంట్రుక కన్నా సన్నని నాజిళ్లలో ఇంకు తెల్లారేసరికి ఆరిపోవడంలో ఆశ్చర్యం లేదు. అందువల్ల ముందు ప్రింటర్ బటన్ నొక్కి, దాని చప్పుడు పూర్తిగా ఆగిన తర్వాతే గోడ స్విచ్ కట్టేయండి. కరెంటు కోతలు ఎక్కువగా ఉంటే కంప్యూటర్‌కు వాడే యూపీఎస్‌కే దీన్నీ తగిలించవచ్చు; లేజర్ ప్రింటర్‌కు మాత్రం ఆ పని చేయకూడదు, అది ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది.

ఆ రబ్బరు మూత అంచున ఎండిన ఇంకు పేరుకున్నా, ఒక్క వెంట్రుక అడ్డుపడినా మూత సరిగ్గా బిగియదు. పోగులు ఊడని గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి ఆ అంచును తుడిస్తే, మీరు చెప్పిన “ఒకపూట బాగుండి మళ్లీ మొదటికి” అనే జబ్బు తరచుగా అక్కడితో పోతుంది. బోరు నీళ్లు, థిన్నర్ దగ్గరికి రానివ్వకండి. ఇవన్నీ చేసినా మెజెంటా గీతలు అదే చోట తెగుతూనే ఉంటే, అప్పుడు మీ మెకానిక్ మాట వినవలసిందే.

నాజిల్ చెక్ నిండుగా వచ్చినా ఫోటో మసకగా ఉంటే తప్పు ప్రింటర్‌ది కాకపోవచ్చు. 4×6 అంగుళాల ఫోటో స్పష్టంగా రావాలంటే సుమారు 1200×1800 పిక్సెళ్లు కావాలి. చేతులు మారి వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలో అవి ఉండకపోవచ్చు.

ప్రశ్న: మా ప్రింటర్ నాజిల్ చెక్ బాగానే ఉంది. కానీ నిలువు గీతలు జంటగా వస్తున్నాయి, బార్‌కోడ్ ఉన్న కాగితాలను స్కానర్ చదవడం లేదని కస్టమర్లు తిరిగి వస్తున్నారు.
- ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: ఇది ఇంకు సమస్య కాదు, అలైన్‌మెంట్ సమస్య. హెడ్ ఎడమ నుంచి కుడికి వెళ్తూ వేసిన చుక్కలూ, తిరిగి వస్తూ వేసిన చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడకపోతే నిలువు గీత రెండుగా చీలుతుంది. బార్‌కోడ్‌లో ఉన్నవన్నీ నిలువు గీతలే, పైగా వాటి మందమే సమాచారం కాబట్టి దెబ్బ ముందుగా దానికే తగులుతుంది. ప్రింటర్ మెనూలోని హెడ్ అలైన్‌మెంట్ నడిపి, వచ్చిన నమూనాల్లో గీతలు అన్నిటికన్నా తిన్నగా ఉన్నదాని నంబరు ఎంచుకోండి. అత్యవసరంగా ఒక కాగితం కావాలంటే సెట్టింగ్స్‌లో బైడైరెక్షనల్ ముద్రణను ఆపేయండి. హెడ్ ఒకే దిశలో ముద్రిస్తుంది, వేగం తగ్గుతుంది, గీతలు కలుస్తాయి. బార్‌కోడ్‌లకు డ్రాఫ్ట్ మోడ్ (ఇంకు తక్కువ వాడి త్వరగా ముద్రించే పద్ధతి) మాత్రం వద్దు. కాగితం మరీ పలచనిదైతే ఇంకు పీల్చుకుని గీతలు ఉబ్బుతాయి, 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు 75 గ్రాముల బరువున్న) కాగితం వాడి చూడండి.

ప్రశ్న: పిల్లల ప్రాజెక్టుల కోసం నిగనిగలాడే ఫోటో పేపర్ కొన్నాను. ఎంతసేపు ఆరబెట్టినా నల్ల అక్షరాలు చేతికి అంటుకుంటున్నాయి.
- ఒక ఉపాధ్యాయిని, పలమనేరు

సమాధానం: కంప్యూటర్‌లో కాగితం రకం “ప్లెయిన్ పేపర్” అనే ఉండి ఉంటుంది. కొన్ని మోడళ్లలో నలుపు పిగ్మెంట్ ఇంకు (రంగు సన్నని రేణువులుగా ఉండేది), మిగతా రంగులు డై ఇంకు (రంగు పూర్తిగా కరిగి ఉండేది). పిగ్మెంట్ రేణువులు మామూలు కాగితంలో బాగా పట్టుకుంటాయి, నిగనిగలాడే పూతలోకి దిగవు. కాగితం రకాన్ని గ్లాసీ ఫోటో పేపర్‌గా మార్చితే అలాంటి ప్రింటర్ ఆ నలుపును వదిలేసి రంగులను కలిపి నలుపు వేస్తుంది. ముద్రించే ముందు తడి వేలితో కాగితం మూలను తాకి చూడండి, కొద్దిగా అంటుకునే వైపే పూత ఉన్న వైపు.