డ్రాన్ సోర్డ్ ఓడిపోతోందా? బ్లేడ్ మార్చకండి, బిట్ మార్చండి

బేబ్లేడ్ ఎక్స్ బొంగరంలో మూడు భాగాలుంటాయి: పైన బ్లేడ్ (డ్రాన్ సోర్డ్ లాంటివి), మధ్యలో రాచెట్ (3-60 లాంటివి), అడుగున నేలని తాకే బిట్ (ఫ్లాట్, డిస్క్ బాల్ లాంటివి). మీ 3-60 ఫ్లాట్ డ్రాన్ సోర్డ్ మొదట గట్టిగా కొట్టినా, చివరికి మీ ఫ్రెండ్ విజార్డ్ రాడ్ 5-70 డిస్క్ బాల్ ముందు ఆగిపోతోందని, కొత్త బ్లేడ్ కొనాలా అని అడిగారు. వద్దండి. డ్రాన్ సోర్డ్ మంచి బ్లేడ్, దాన్ని ఉంచుకోండి.

అసలు తేడా బిట్‌లో ఉంది. ఫ్లాట్ అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి స్టేడియం (ఆట ఆడే గిన్నె) మీద ఎక్కువ రాసుకుంటుంది. వేగం వస్తుంది, ఊపిరి తొందరగా పోతుంది. మన బొంగరం సన్నటి మేకు మీద ఎందుకు ఎక్కువసేపు తిరుగుతుందో ఆలోచించండి, అదే లెక్క. పైగా విజార్డ్ రాడ్ బరువంతా అంచున ఉంటుంది. ఎక్కువసేపు తిరగడంలో దానితో పోటీ పడితే ఓడిపోతారు.

పాయింట్లు చూడండి: స్పిన్ ఫినిష్‌కి (ఎదుటిది ముందు ఆగిపోతే) 1, బర్స్ట్‌కి (ఎదుటిది విడిపోతే), ఓవర్‌కి (పక్క గుంటలో పడితే) చెరో 2, ఎక్స్‌ట్రీమ్‌కి (మధ్య గుంటలో పడితే) 3. కాబట్టి మీ పని మొదటి కొన్ని సెకన్లలోనే బయటికి నెట్టేయడం. ముందు రష్ బిట్ వేసి చూడండి. వేగం ఉంటూనే ఫ్లాట్ కన్నా కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. నాకైతే లో ఫ్లాట్ (ఫ్లాట్‌లోనే ఎత్తు తక్కువ బిట్) కన్నా ఇదే నచ్చింది.

రాచెట్ 3-60 అలాగే ఉంచండి. 60 అంటే 6 మిల్లీమీటర్ల ఎత్తు, దాడికి అది చాలు.

ఒకేసారి రెండు పార్టులు మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కో మార్పుకి కనీసం 10 ఆటలు ఆడి, ఏ ఫినిష్‌తో గెలిచారో రాసుకుని ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.